సొలొమోను మొదటి రోజు డ్యూటీ

ఆ సోమవారం ఏడింటికల్లా కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టులో ఉండాలని సొలొమోను నిర్ణయించుకున్నాడు. చదువుకునే రోజుల్లో ఆ కోర్టు చుట్టూ చేరి అతని పేరు అరిచి గోల చేసేవాళ్ళు. తరువాత మోకాలు దెబ్బతింది. ఆట పోయింది, దాంతోపాటు పేరూ పోయింది. ఏళ్ళ తరబడి ఖాళీగా తిరిగాక, ఇన్నాళ్ళకి అదే కాలేజీలో అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం దొరికింది. "మొదటి రోజే ఆలస్యమైతే రెండో రోజు రానక్కర్లేదు" అని పెద్ద కోచ్ కాశీరావు గారు ముందే చెప్పారు.

తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని, మెడలో ఈల తగిలించుకుని గుమ్మం దిగబోతుంటే పక్కింటి పేరయ్య ట్రంకుపెట్టెతో ఎదురయ్యాడు. పేరయ్య కృష్ణలో చేపలు పట్టి అమ్ముకునే మనిషి. వెనకాల, చూపు సరిగా ఆనని అతని భార్య అంకాలమ్మ.

"పద బాబూ! మద్రాసు కంటాసుపత్రికి బయల్దేరాం. నీ కోచ్‌లోనే మాకో రెండు సీట్లు చూడు."

"నా కోచ్ ఏంటి బాబాయ్?"

"రైల్లో కోచ్‌కి అసిస్టెంటువి అయ్యావంట గదా! సీట్లిప్పిస్తావని మీ అమ్మే మాటిచ్చింది."

సొలొమోను తల్లి వైపు చూశాడు. హన్నమ్మ గుమ్మంలో గర్వంగా నిలబడి ఉంది. కోచ్ అంటే రైలుపెట్టె కాక ఇంకోటి ఉంటుందని, పగలూ రాత్రీ రైళ్ళ కూతలే వినిపించే బెజవాడలో పుట్టి పెరిగిన ఆవిడకు తోచలేదు.

"అమ్మా, అది బంతాట నేర్పే ఉద్యోగమే!"

"బంతాటకి జీతమెవడిస్తాడ్రా? నాకు చెప్పకు. పాపం, ఆవిడకి కళ్ళు కనపట్టం లేదు."

వాదిస్తే ఆలస్యం. వాళ్ళని ఎక్కించేసి అటునుంచి అటే కాలేజీకి పరిగెత్తవచ్చనుకున్నాడు.

రైల్వే సమ్మె జరిగిన మరుసటి ఏడు అది. మద్రాసు బండి కిటకిటలాడుతోంది. సొలొమోను ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని లోపలికి దూరి, ఇద్దరికీ ఎలాగో చోటు చేశాడు. దిగబోతే తెల్ల బట్టలూ ఈలా చూసి రైలు గార్డనుకుని జనం చుట్టుముట్టారు.

"సార్, ఇది ఒంగోల్లో ఆగుద్దాండీ?"

"సార్, నా సీట్లో ఎవడో కూర్చున్నాడండీ!"

దారి వదులుతారేమోనని సొలొమోను గట్టిగా ఈల ఊదాడు. ప్లాట్‌ఫారమ్ మీదున్న వాళ్ళు బండి కదులుతోందనుకుని ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చారు. ఆ తోపుడికి అతను రైలుపెట్టె చివర గోడకి అతుక్కుపోయాడు. ఊపిరి తీసుకునేసరికి బండి నిజంగానే కదిలింది.

వంతెన కింద కృష్ణ వెనక్కి వెళ్ళిపోతుంటే సొలొమోను ఏడవలేక చూస్తూ నిలబడ్డాడు. అంకాలమ్మ అతని చెయ్యి తడిమి పట్టుకుంది.

"ఎంత మంచోడివి నాయనా! తోడు కూడా వస్తన్నావు."

తెనాలిలో దిగగానే టి.సి. టికెట్ అడిగాడు. సొలొమోను నోరు తెరిచేలోపే కిటికీలోంచి పేరయ్య కేక వేశాడు.

"ఆయన మీవోడేనండీ! కోచ్ అసిస్టెంటు!"

టికెట్ లేని నేరానికి రైల్వే ఉద్యోగినని చెప్పుకున్న నేరం తోడైంది. సొలొమోను టి.సి. గదిలో కూర్చుని మోకాలి దగ్గర్నుంచి మొదలుపెట్టి తన కథంతా చెప్పుకున్నాడు. చివరికి టి.సి. జాలిపడి బెజవాడ ప్యాసింజరు ఎక్కించాడు.

మధ్యాహ్నం కాలేజీకి చేరేసరికి కాశీరావు గారు కోర్టు పక్కనే ఉన్నారు. ఉద్యోగం ఊడిందని సొలొమోనుకి ఖాయమైపోయింది.

"ఎక్కడ చచ్చావయ్యా?"

"తెనాలిలోనండీ. టి.సి. గారు గదిలో కూర్చోబెట్టుకుని, తిరిగి ఆయనే రైలెక్కించారండీ."

"టికెట్ ఎవరు తీశారు?"

"ఎవరూ తియ్యలేదండీ."

కాశీరావు గారి మొహం వెలిగింది. "రైల్వేలో ఇంత పలుకుబడి ఉందని ఇంటర్వ్యూలో చెప్పవేమయ్యా! టోర్నమెంటుకి జట్టుని మద్రాసు తీసుకెళ్ళాలి, రిజర్వేషన్లు దొరక్క ఛస్తున్నాను. ఇక ఆ పని నీది."

కాదంటే ఉద్యోగం ఉండదు. "మరి కుర్రాళ్ళకి ఆట నేర్పడం..." అని గొణిగాడు సొలొమోను.

"అది నేను చూసుకుంటాలే."

ఇంతలో బంతి దొర్లుకుంటూ వచ్చి అతని కాళ్ళ దగ్గర ఆగింది. సొలొమోను వంగాడు.

"దాన్ని వదిలెయ్. స్టేషన్‌కి నడువు!"

స్టేషన్‌లో రిజర్వేషన్ కౌంటరు ముందు వరుస నత్తలా కదిలి సొలొమోను వంతు వచ్చేసరికి కిటికీ మూసేశారు.