శృంగధరం మాస్టారి కొమ్ములు

అనగనగా అనేంత పాత సంగతేం కాదు. ఈమధ్యే ఒక పెద్ద అడవిలో డిగ్రీ కాలేజీ పెట్టారు. అందులో తర్కశాస్త్రం చెప్పేది శృంగధరం మాస్టారనే దుప్పి. ఆయనకి రెండే గర్వాలు: ఒకటి తన సబ్జెక్టు, రెండోది తన కొమ్ములు. కొమ్ములు రాలే కాలం వచ్చి అవి కదులుతున్నా, తల అటూ ఇటూ తిప్పకుండా ఎలాగో నెట్టుకొస్తున్నాడు.

"ఈ కోర్సులో మాకేం వస్తుంది సార్?" అని మొదటిరోజే అడిగింది ముందు బెంచీ కుందేలు సుగాత్రి.

"చెప్పిన మాటలు నిజమా అబద్ధమా అన్నది మనకనవసరం అమ్మా. వాటినుంచి ముగింపు సరిగ్గా వచ్చిందా లేదా, అంతే చూస్తాం," అన్నాడు మాస్టారు. ఏటా అంటాడు. అన్నప్పుడల్లా తనమీద తనకే ముచ్చటేస్తుంది.

వెనక బెంచీలో పులి పెదబాబు ఆవులించాడు. కాలేజీ వాళ్ళ నాన్నదే. అతను క్లాసుకి రావడమే తక్కువ. అసలైన పాఠం రోజు కూడా రాలేదు.

"వాన కురిస్తే నేల తడుస్తుంది. ఇవాళ వాన కురవలేదు. కాబట్టి నేల తడవలేదు అనకండి! ఏనుగు స్నానం చేసి అటుగా వెళ్ళి ఉండొచ్చు. ఈ తప్పు చేసినవాడు నా శిష్యుడే కాడు!" అని ఆరోజు మాస్టారు బల్ల గుద్ది మరీ చెప్పాడు. రానందుకు పెదబాబుని తిట్టిపోశాడు కూడా.

పరీక్షల ముందు పెదబాబు ఆకలిమీద క్లాసుకొచ్చాడు. ఎవరైనా సొంతంగా ఒక వాదం చెప్పండని మాస్టారు అడగ్గానే లేచి నిలబడ్డాడు.

"కొమ్ములున్నవన్నీ నాకు భోజనం. మాస్టారికి కొమ్ములున్నాయి. కాబట్టి మాస్టారు నాకు భోజనం. ముగింపు సరిగ్గా వచ్చిందా సార్?"

మాస్టారు గబగబా తప్పు వెతికాడు. దొరకలేదు. ఏడాదంతా చెప్పిన నోటితో ఇప్పుడు కాదనలేకపోయాడు.

"చాలా బాగా వచ్చింది బాబూ," అన్నాడు.

పెదబాబు మూతి నాక్కుంటూ బెంచీలు దాటి వచ్చాడు. మాస్టారు వెనక్కి జరిగి జరిగి నల్లబల్లకి గుద్దుకున్నాడు. కొమ్ములు రెండూ ఊడి కిందపడ్డాయి. ఆ బోడితల చూసి క్లాసంతా గొల్లుమంది. ఆయన సిగ్గుతో చచ్చిపోదామనుకుని, సమయం కాదని తోచి ఆగాడు.

"ఆగు బాబూ! కొమ్ములున్నవే కదా నువ్వు చెప్పింది. నాకిప్పుడు కొమ్ముల్లేవు. కాబట్టి నేను నీకు భోజనం కాను!"

పెదబాబు తల గోక్కున్నాడు. "అవున్సార్," అని వెనక్కి తిరిగాడు.

"సార్! సార్!" సుగాత్రి చెయ్యెత్తింది. "అది తప్పు కదా సార్? ఆవేళ వాన, నేల, ఏనుగు..." తనకీ కొమ్ముల్లేవన్న సంగతి పాపం ఆ పిల్లకి తట్టలేదు.

"కూర్చో తల్లీ," అన్నాడు మాస్టారు చెమట తుడుచుకుంటూ. "అది సిలబస్‌లోంచి తీసేశారు."

మర్నాటినుంచి పెదబాబు క్లాసుకి రాకపోయినా వచ్చినట్టే హాజరు పడుతోంది.

నీతి: గురువు క్షేమం కోరే శిష్యుడు ముఖ్యమైన పాఠం రోజున క్లాసు ఎగ్గొట్టాలి.