మోటారు మౌనవ్రతము

తూర్పుదిక్కున కెంజాయ పొటమరించి, రాత్రియెల్ల మొరిగిన కుక్కలు ఇసుకలో ఒత్తిగిలి, సముద్రుడు ఒడ్డుతో మంతనములాడుచున్న శుభవేళ, మొలలోతు నీటిలో ఒక ఘోరసంగ్రామము జరిగెను. చూచినవారు చెప్పగా చెప్పుచున్నాను, వినుడు.

ఉత్తుంగతరంగభేదనదక్షుడును, మత్స్యలోకభయంకరుడును, ఇంట మాత్రము మితభాషియు నగు ఒక జాలరి గలడు. ఆతని పాత టూస్ట్రోక్ మోటారు పొగలు గ్రక్కి గ్రక్కి అసువులు బాసిన నాటినుండి, ఆ మహావీరుడు నాలుగు నెలలు బావమరిది పడవలో కూలబడి, చెంబు చేతబట్టి నీళ్ళు తోడుచుండెను. ఆ అవమానాగ్నిని చల్లార్చుటకై నిన్ననే తన పడవకు కొత్త ఫోర్‌స్ట్రోక్ మోటారు బిగించెను. నూనె కలుపనక్కరలేదు, పొగ రాదు, ఇరువది గుర్రముల బలము. నేడు వానిలో ఒక్క గుర్రమైనను లేచి నిలువలేదు.

పడవలో కూర్చున్న భార్య ఇంటివద్దనే తేల్చి చెప్పెను: "ఇవాళ మన పడవ మనమే నడుపుకుని వెళ్తే సరే. లేదంటే దీన్ని షాపులో తిరిగిచ్చేసి, మళ్ళీ తమ్ముడి పడవెక్కు."

వీరుడు స్టార్టరు తాడు గుంజెను. మరల గుంజెను. పెట్రోలు గొట్టము పిసికెను, కనబడిన రంధ్రమెల్ల ఊదెను. పదునేడు మారులు గుంజునప్పటికి భుజము జారినంత పనియయ్యెను. మోటారు ఉలకలేదు, పలుకలేదు.

పక్క పడవలోని బావమరిది ఒక తాడు కొస అక్క ఒడిలోనికి విసరి జాలిగా పలికెను: "మొహమాటపడకు బావా. కట్టేస్తే లాక్కుపోతాను. నీ చెంబు కూడా అలాగే ఉంచాను."

అంత వీరుడు కన్నులెఱ్ఱజేసి మోటారుతో ఇట్లనియె: "ఓరీ యంత్రాధమా, గాలివానలకు వంగని ఈ తల చెంబుకు వంగినది. నేడు నీవు పలుకకున్న, నిన్ను విప్పి లంగరుగా వాడుదును."

"దానికి చెవుల్లేవు గానీ, చెయ్యి కడుక్కో. రెండు ముద్దలు తిను," అని భార్య అన్నం డబ్బాకు చుట్టిన తాడు విప్పసాగెను.

అది ఎర్రని చుట్టల తాడు. కొసన ఒక చిన్న క్లిప్పు వ్రేలాడుచుండెను. "మోటారుతో ఊరికే వచ్చింది, గట్టిగా ఉంది, డబ్బాకు కట్టుకో," అని నిన్న దానిని దానమిచ్చినవాడు మన వీరుడే. నిన్న షాపు మెకానిక్కు చెప్పిన మాటలు ఇప్పుడు పిడుగులవలె జ్ఞప్తికి వచ్చెను: "ఈ ఎర్రతాడు చేతికి కట్టుకుని, క్లిప్పు ఈ బటన్ కింద పెట్టాలి. మీరు నీళ్ళలో పడితే క్లిప్పు ఊడి మోటారు ఆగిపోతుంది. క్లిప్పు లేకపోతే అసలు స్టార్టే కాదు." అప్పుడు వీరుడు మోటారు మెరుపులో తన మీసము చూచుకొనుచు మూడు మారులు తలయూపెను.

"ఆ తాడు ఇటివ్వు."

"డబ్బా మూత లేస్తుందయ్యా."

"ఇవ్వవే."

బావమరిదికి వీపు త్రిప్పి, క్లిప్పు తగిలించి, ఒక్కమారు గుంజెను. గర్జనలేదు, పొగలేదు, చెవియొగ్గిన గాని వినబడని సన్నని గురగుర. పాత మోటారుల రొదకు అలవాటుపడిన తీరవాసులెవ్వరును అది మేల్కొనెనని ఎరుగరు.

"ఇంకా ఎంతసేపు? కట్టెయ్యక్కా," అనుచున్న బావమరిది చేతినుండి, అక్క కొస పట్టుకొన్న తాడు సరసర జారి, మొత్తము నీటిపాలయ్యెను. పడవ అప్పటికే ఇరువది బారలు దాటినది.

భార్య ఆ తాడును లోనికి లాగి, డబ్బాకు తొమ్మిది చుట్లు చుట్టి, తాపీగా అడిగెను: "ఆ ఎర్రతాడు దేనికి?"

"నేను నీళ్ళలో పడితే మోటారు ఆగిపోతుంది. ప్రాణం కాపాడే తాడు."

"మరి నిన్న నా డబ్బాకెందుకు కట్టించావు?"

వీరుడు మోటారును మించిన నిశ్శబ్దముతో సముద్రమువైపు చూచెను. తన్ను లాగవచ్చిన తాడుతో అన్నం డబ్బాను బంధించి, తన చేయి తానే చుక్కాని పిడిపై ఉంచి సాగిపోయిన ఆ జాలరికి జయము, జయము.