అమ్మ నవ్విన ఉదయం

పళ్ల డాక్టరుగారి క్లినిక్కులో రిసెప్షన్ ఉద్యోగానికి ఆ రోజు అమ్మకి ఇంటర్వ్యూ. గొంతు పెంచకూడదు, నవ్వు చెరగకూడదు అని ముందే చెప్పారు. పెళ్లయినప్పటినుంచీ గొంతుతోనే ఇల్లు నడుపుకొస్తున్న మనిషికి ఇది చిన్న పరీక్ష కాదు. అందుకని బయల్దేరేవరకూ ఇంట్లోవాళ్ల మీదే సాధన చేద్దామనుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అదే ఆవిడ చేసిన పొరపాటు.

ఆ ఇంట్లో ఆడపిల్లలిద్దరికీ అక్షరాలకన్నా ముందు అమ్మ ముఖం చదవడం వచ్చింది. అరిస్తే భయం లేదు, అది రోజూ ఉండేదే. గిన్నెలు గట్టిగా మోగితే ఆ చుట్టుపక్కలకు వెళ్లకూడదు. మెత్తగా మాట్లాడి నవ్విందంటే మాత్రం దాచిందంతా ఆవిడకి తెలిసిపోయిందని అర్థం.

"లేచారా బంగారూ? పాలు తాగుతారా తల్లీ?" అంది అమ్మ చిరునవ్వుతో.

చిన్నది గదిలోకి పరుగెత్తింది. "అక్కా, అమ్మ నవ్వుతోందే!"

"పళ్లు కనిపిస్తున్నాయా?"

"అన్నీ!"

"అయిపోయాం. అడక్కముందే చెప్పేస్తే తిట్లు సగం తగ్గుతాయి, పద."

మిక్సీ పాడుచేసింది తనేనని పెద్దది ఒప్పుకుంది. అమ్మ గుటక మింగి "పరవాలేదమ్మా" అంది. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ విని ఎరగరు. ఇంటర్వ్యూకి తీసిపెట్టిన కోటు జేబు కత్తిరించి బొమ్మకి పరుపు కుట్టానని చిన్నది ఏడుస్తూ చెప్పేసింది.

"అలాగా నాన్నా," అంది అమ్మ. నవ్వు అలాగే ఉంది, దవడలే బిగుసుకున్నాయి.

గడ్డం గీసుకుంటున్న నాన్న ఆ గొంతు విని సబ్బు నురగతోనే వచ్చి నిలబడ్డాడు. "నిన్నే చెబుదామనుకున్నానే... క్లినిక్కువాళ్లు ఫోన్ చేశారు. ఇంటర్వ్యూ పదింటికి కాదట, తొమ్మిదింటికట."

గోడగడియారం తొమ్మిది కొట్టబోతోంది. అమ్మ అరిచింది.

ఆ అరుపు వినగానే ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకున్నారు. ఎవరేం చెయ్యాలో వెంటనే తెలిసిపోయింది. పెద్దది చెప్పులు తెచ్చింది. చిన్నది పరుపుని పిన్నీసుతో మళ్లీ జేబు చేసింది. నాన్న సగం గడ్డంతోనే బండి తీశాడు.

క్లినిక్కులో కుర్చీలన్నీ నిండిపోయాయి. ఎవరు ముందొచ్చారన్న దానిమీద పెద్దవాళ్లు కొట్లాడుకుంటున్నారు. లోపల ఒక పాప నోరు తెరవనని మొండికేసింది. "ఇదా మీరు వచ్చే వేళ?" అని డాక్టరుగారు ముఖం చిట్లించారు. ఉద్యోగం చెయ్యి జారినట్టేనని అమ్మకి ఏడుపొచ్చింది. దాన్ని దిగమింగి, పొద్దున్నుంచీ సాధన చేసిన నవ్వే నవ్వి, పాపతో మెల్లగా "నోరు తెరువు బంగారూ" అంది.

ఆ పాపకీ ఇంట్లో ఒక అమ్మ ఉంది. ఠక్కున నోరు తెరిచింది. తెరిచిన తలుపులోంచి ఆ గొంతు విని హాల్లో కొట్లాట ఆగిపోయింది. అందరికన్నా గట్టిగా అరుస్తున్న పెద్దమనిషి లేచి, నిజానికి తను ఆఖరున వచ్చానని ఒప్పుకున్నాడు.

ఉద్యోగం అక్కడికక్కడే ఖాయమైంది. "థాంక్సండీ డాక్టరుగారూ. మీరింకేమైనా చెప్పాలా?" అంది అమ్మ, అదే చిరునవ్వుతో.

మొన్న మధ్యాహ్నం క్లినిక్కు నిజానికి ఎందుకు మూసేశారో డాక్టరుగారు చెప్పడం మొదలుపెట్టారు.