ప్రారంభోత్సవం నాటి నీళ్ళు

వార్డులోని ప్రతి కుళాయినీ డేటా లేక్‌హౌస్ అనే కంప్యూటర్ గిడ్డంగిలోకి ఎక్కించి దేశానికే దారి చూపిన తొలి కౌన్సిలర్‌గా గోవిందరావుగారు తమను తాము ప్రకటించుకున్నారు. ఆ సాయంత్రం ఆయన వార్డైన ఖరిదాలో దండలకు కొరత రాలేదు. కొరతల్లా నీళ్ళకే.

"ఇక మన పట్టికలు బీరువాలో ఉండవు, క్లౌడ్‌లో ఉంటాయి. ఎవరైనా వచ్చి క్వెరీ వేయించుకోండి. అడగ్గానే జవాబు," అన్నారు మైకులో.

చప్పట్లు కొట్టినవాళ్ళలో దాలమ్మ కూడా ఉంది. ఆమెది గోల్‌బజార్‌లో ఇడ్లీ బండి. వీధి కుళాయి ఎండిపోయింది, ట్యాంకరు రావడం మానేసింది. ఇంకొన్నాళ్ళు బండి పెట్టకపోతే ఆ చోటు పక్కనే బఠాణీల ఘుగ్ని అమ్మే బండివాడిదైపోతుంది.

మర్నాడే పార్టీ ఆఫీసుకు వెళ్ళింది. కంప్యూటర్ ముందు అక్కడ పనిచేసే నీలవేణి ఉంది.

"ఏటి పిన్నీ?"

"మా ఈది కుళాయి సంగతి ఆ పట్టికనడుగమ్మీ."

నీలవేణి టైపు చేసింది. 'నీళ్ళు వస్తున్నాయి' అని తెర మీద పడింది.

"ఎక్కడ వత్తన్నాయే? నా బిందె సూడు."

"బిందెను ఎక్కించలేదు పిన్నీ. కుళాయినే ఎక్కించినాము."

వెనక నిలబడ్డ వెంకటరావు రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనవాడు. "రికార్డులో వత్తన్నాయంటే వచ్చినట్టే దాలమ్మా," అన్నాడు, ఖాళీ బకెట్టు చెయ్యి మార్చుకుంటూ. రైల్వే ఇళ్ళలో కుళాయిని అనుమానిస్తారు గానీ రికార్డును అనుమానించరు. దాలమ్మ కూడా ఇంటికి వెళ్ళి కుళాయి మరోసారి తిప్పి చూసింది.

తర్వాత మిగిలిన కాస్త పిండితో ఇడ్లీలు వేసి, నీలవేణికి పట్టుకెళ్ళింది. రెండో ఇడ్లీకి నీలవేణి మనసు కరిగింది.

"పట్టిక మారినా పాత వెర్షన్లన్నీ క్లౌడ్‌లోనే ఉంటాయి పిన్నీ. ఏ రోజుది కావాలంటే ఆ రోజుది చదవొచ్చు. కుళాయి ప్రారంభోత్సవం నాటిది చదవమన్నారు సారు. ఆ రోజు నీళ్ళు వచ్చినాయి కదా."

"వచ్చినాయి. పొటో తీసినంతసేపు. మరి టేంకరు?"

"ట్యాంకరోళ్ళూ మా క్వెరీ చూసే పంపుతారు. నీళ్ళొచ్చే వీధికి ట్యాంకరెందుకు?"

దాలమ్మ తెర వైపు వేలు చూపించింది. "పోనీ, ఇయ్యేల టేంకరు ఎక్కడికి ఎల్తాదో అడుగు."

నీలవేణి అటూ ఇటూ చూసి అడిగింది. ఒకే ఒక్క వరుస వచ్చింది. 'నీళ్ళు లేవు. ట్యాంకరు పంపవలెను.' పక్కనే ఇంటి యజమాని పేరు, గోవిందరావు.

"సారు ఇంటికి మాత్రం ఏ రోజు వెర్షను ఆ రోజే," అంది నీలవేణి గొంతు తగ్గించి.

దాలమ్మ బయటికొచ్చింది. వెంకటరావు ఇంకా అక్కడే ఉన్నాడు.

"అన్నా, కౌన్సిలర్ బాబు ఇంట్లో సుక్క నీల్లు లేవంట. రికార్డులో ఉంది."

వెంకటరావు ముఖం వాడిపోయింది. "అయ్యో పాపం. ఓపాలి పలకరించి రావాల."

ట్యాంకరు వచ్చే వేళకు వీధి వీధంతా కౌన్సిలర్‌గారి గేటు ముందు పరామర్శకు నిలబడింది. ఉత్త చేతులతో వెళితే బాగుండదని అందరూ బిందెలు పట్టుకెళ్ళారు.