కుక్క చెవికి సన్మానం

ఒక పెద్ద అడవిలో జంతువులన్నిటికీ కలిపి ఒక సభ ఉండేది. సభ అన్నాక గుమ్మం ఉండాలి, గుమ్మం అన్నాక కాపలా ఉండాలి కదా. ఆ ఉద్యోగం కరియ అనే కుక్కది. చిరుత వాసన తగిలితే చాలు, అడవి మొత్తం లేచేలా మొరిగేవాడు.

సభ్యులు లోపలికి వెళుతూ వాడి చెవి పట్టుకుని ముద్దుగా ఒకసారి లాగడం అక్కడి ఆనవాయితీ. ఎముక అడిగినా వాళ్లు ఇచ్చేది ఆ లాగుడే. పాపం, కరియ తోక ఊపి సరిపెట్టుకునేవాడు.

అలాంటివాడు ఉన్నట్టుండి మారిపోయాడు. చెవి మీద ఎవరు చెయ్యి వెయ్యబోయినా గుర్రుమనేవాడు. ఒకరోజు అధ్యక్షులైన ఏనుగుగారి తొండం చూసి కూడా పళ్లు బయటపెట్టాడు.

"వీడికి ఏమొచ్చిందయ్యా?" అని ఏనుగుగారు కార్యదర్శి నక్కగారిని అడిగారు.

"చెవి నొప్పండీ. లోపల ఏదో పట్టుకుంది, కాస్త చూడండి" అన్నాడు కరియ.

నక్కగారు వంగి చూశారు. చెవి లోపల ఒక పిడుదు, రక్తం తాగి తాగి శనగగింజంత అయి కూర్చుంది. చూసి కూడా ఆయన ఆ సంగతి దాచేశారు. ఆయన బావమరిది ఈ కాపలా ఉద్యోగం మీద కన్నేసి, ఎన్నాళ్లుగానో పనీపాటా లేక తిరుగుతున్నాడు మరి.

"ఏమీ కనబడటం లేదండీ. ఇది ప్రవర్తనకు సంబంధించిన విషయం. కమిటీ వేద్దాం" అన్నారు నక్కగారు.

కమిటీకి ఎలుగుబంటిగారిని పెద్దగా పెట్టారు. ఆయన కొన్నాళ్లు సర్కస్‌లో సైకిలు తొక్కి వచ్చారు కాబట్టి, మనసుల గురించి ఆయనకు తెలియనిది లేదని అడవిలో గట్టి నమ్మకం.

"చిన్నప్పుడు మీ అమ్మ నిన్ను సరిగా నాకేదా?" అని అడిగారు ఎలుగుబంటిగారు.

"బాగానే నాకేదండీ. చెవి నొప్పండీ."

"పక్కవాణ్ణి చూస్తే ఈర్ష్య కలుగుతోందా?"

"గుమ్మంలో నా పక్కన ఎవరూ ఉండరండీ. చెవి..."

"మాట దాటేస్తున్నాడు" అని తేల్చేశారు ఎలుగుబంటిగారు. "వీడికి గుర్తింపు కరువైంది. సభ మొత్తం ముందు సన్మానం చేసి, అందరూ వరసగా చెవి లాగాలి. అదే మందు."

కరియ గబుక్కున చెవి ముడుచుకున్నాడు.

"ఇంత చేసినా వీడు అధ్యక్షులవారిని కరిస్తే, పొలిమేర దాటించేద్దాం" అని నక్కగారు తీర్మానం పెట్టారు. సభ ఊ కొట్టింది. పొలిమేర అవతలంతా చిరుతలే. ఇన్నాళ్లూ ఎవరి మీద మొరిగాడో వాళ్ల నోటికే వాణ్ణి అందించడమన్నమాట. ఇంతకంటే అన్యాయం ఉంటుందా చెప్పండి!

సన్మానం రోజు వచ్చింది. కరియ మెడలో దండ పడింది, ఒంటి మీద శాలువా పడింది. ఉపన్యాసాలు ఎండ చల్లబడేదాకా సాగాయి. కరియకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఏనుగుగారి తొండం ఎప్పుడు తగులుతుందో, తన నోరు ఎప్పుడు అదుపు తప్పుతుందో అన్నదే వాడి ధ్యాసంతా.

నక్కగారు ముందుకొచ్చారు. తను ముందే లాగి మంట పుట్టిస్తే, ఏనుగుగారి వంతుకు వీడు కరవక చస్తాడా అని ఆయన లెక్క. చెవి లోపలికంటా పంజా దూర్చి, బలంకొద్దీ ఒక్క లాగు లాగారు.

పిడుదు కాస్తా ఊడి ఆయన పంజాలోకి వచ్చేసింది. కరియకు ప్రాణం పోయినంత పనైంది. వెనుదిరిగిన నక్కగారి తోకను కసుక్కున కరిచి వదిలాడు.

"కరిచాడు! పొలిమేర దాటించండి!" అని నక్కగారు గగ్గోలు పెట్టారు.

"తీర్మానంలో నన్ను కరిస్తేనని ఉంది కదయ్యా. ఉండు, నా వంతు కానీ" అంటూ ఏనుగుగారు తొండం చాపారు.

కరియ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తొండం చెవిని పట్టి లాగింది. పొడిచే నొప్పి మాయమైంది! ఆ సంతోషానికి వాడికి ఏడుపొచ్చింది. తొండమంతా నాకి, శాలువా జారిపోయేలా తోక ఊపాడు.

"చూశారా, సన్మానం పనిచేసింది!" అని ఎలుగుబంటిగారు గంతేశారు.

ఆ తర్వాత నక్కగారు మారిపోయారు. ఎవరైనా దగ్గరికొస్తే కసురుకుంటారు, కుర్చీలో కుదురుగా కూర్చోరు. కమిటీ మళ్లీ కూర్చుంది.

"తోక చీము పట్టింది మహాప్రభో, కాస్త పసరు రాయించండి" అని నక్కగారు లబోదిబోమన్నారు.

ఎలుగుబంటిగారు జాలిగా తలాడించి, శాలువా తెప్పించమన్నారు. ఈసారి అందరూ తోక లాగాలని కూడా చెప్పారు.

నీతి: ఎంత నొప్పి ఉన్నా పైకి చెప్పకండి, సన్మానం చేసేస్తారు.