నివేదితకు కొన్న వాచీ

విజయరాఘవ రాజాకు పొద్దున్నే కాఫీ కన్నా ముందు కోపం వస్తుంది. రాజపాళయంలో ఆయన సూపర్‌వైజరుగా ఉన్న నూలు మిల్లులో అందరూ ఆయన్ని వెనకాల ‘బాయిలర్’ అంటారు. ఇంట్లో భార్య మంగళం ముఖం మీదే అంటుంది.

మంగళం తమ్ముడు నరేన్ కూతురు నివేదిత నర్సింగు చదువు ముగించి ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరబోతోంది.

“బిడ్డకు మంచి వాచీ కొని ఇయ్యాల. రోడ్డు పక్క ప్లాట్‌ఫారం మీద అమ్మే సరుకు వద్దు,” అంది మంగళం.

“మీ తమ్ముడు దీపావళికి నాకేమిచ్చినాడు? పంచె. ఒకసారి ఉతికితే తువాలైంది.”

“దానికి బిడ్డేమి చేసింది? కోపం తమ్ముడి మీద పెట్టుకోండి, వాచీ బిడ్డకు పెట్టండి.”

రుసరుసలాడుతూనే వాచీల అంగడికి వెళ్లాడు. అంగడి యజమాని రామర్ నీలం డయలున్న స్టీలు వాచీ ఒకటి ఆయన చేతికే కట్టి చూపించాడు. ఆ చెయ్యి తనదేనా అన్నంత అందంగా ఉంది. ఒక్క నిమిషం కోపం పోయింది. మరుక్షణం రెట్టింపై వచ్చింది. ముప్పై ఏళ్లు మిల్లులో అరిచిన మనిషికి ఇలాంటిదొకటి కొనాలని ఎవరికీ తోచలేదే!

పక్క అద్దాల పెట్టెలో అదే నీలం, అదే రూపం, పదో వంతు ధర. రెండూ కొన్నాడు. షేర్ ఆటో ఇల్లు చేరేలోగా మంచిది ఆయన చేతికి, చౌకది మంచిదాని పెట్టెలోకి చేరాయి.

“నాకూ ఒకటి తీసుకున్నాను. చౌకది,” అన్నాడు మంగళంతో.

ఆ చౌకదాన్ని చెయ్యి కడిగే ముందు తీస్తాడు. పంచె కొంగుతో తుడుస్తాడు. పడుకుంటే దిండు మీద పెడతాడు.

“పెండ్లయిన నాటినుంచి నన్నొకసారైనా ఇంత మెత్తగా చూసినారా?”

“చౌకది, తడిస్తే పోతాది,” అన్నాడు కసిరి.

ఆయన స్నానానికి వెళ్లినప్పుడు మంగళం పెట్టె తెరిచి చూసింది. లోపలున్నది చౌకది, ముల్లు కూడా కదలడం లేదు. ఆ పూట సాంబారులో కారం చూస్తే ఆమెకు ఎంత కోపం వచ్చిందో తెలిసిపోయింది.

ఆదివారం నరేన్ కుటుంబం తళవాయిపురం నుంచి భోజనానికి వచ్చింది. తిన్నాక నివేదిత పెట్టె తెరిచింది.

“అది మామది అమ్మా,” అంది మంగళం. “నీది ఆయన చేతికుంది. టైము సరిగ్గా చూపిస్తాదా లేదా అని వారమంతా కట్టుకొని పరీక్ష చేసినారు. తీయండి.”

రాజా చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిస్తే దొంగతనం బయటపడుతుంది. కొక్కెం ఊడటం లేదని ఆయన పెనుగులాడుతుంటే నరేనే వచ్చి ఊడదీశాడు.

“ఇంత అక్కర ఎవరికుంటాది బావా?” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

“నాడి చూసేటప్పుడు సెకండ్లు తప్పితే కష్టం మామా,” అంది నివేదిత. “మీరే చూసినారంటే నాకు ధైర్యం.”

మంగళం వెనకే రాజా వంటింట్లోకి నడిచాడు. “నలుగురిలో నా మానం తీసినావు.”

“నిలిపినాను. నడవని వాచీతో అది రోగి నాడి చూసి ఉంటే? నిజం చెప్పేదా ఇప్పుడు?”

కోపం కోసం వెతికాడు. దొరకలేదు. మంగళం చౌక వాచీని ఆయన చేతికి గట్టిగా బిగించింది.

“బావా, టైమెంత? బస్సుకు పోవాల,” అని కేకేశాడు నరేన్.

మధ్యాహ్నం భోజనాలై గంట దాటింది. రాజా వాచీలో పదీ పది.

“నీ కూతుర్ని అడుగప్పా,” అన్నాడు మెల్లగా. “దానిది మంచి వాచీ.”