ఏడు కూతలు

ఆ మంగళవారం ఉదయం ఐనార్ వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదికి షెడ్డుకు పోవాలి. పదికి పాత డీజిల్ ఇంజన్‌ను లేపాలి. పదకొండుకు పురసభ నుంచి వచ్చే డ్రేయర్ మేడమ్ కళ్లెదుట దాన్ని పది అడుగులు నడపాలి. నడిస్తే ఇంజన్ ఉంటుంది. నడవకపోతే తుక్కుకు పోతుంది, ఆ చోట కార్లు నిలుపుకుంటారు.

"దేవా, పది అడుగులే," అని అతను ఓట్స్ జావ ముందు తల వంచాడు.

"ఇంజన్ ముందు మిగిలిన పట్టాలే పన్నెండడుగులు. ఎక్కువ అడక్కు," అంది భార్య మార్గిట్.

ముప్పై ఏళ్లు ఆ ఇంజన్ వాంకూవర్ దీవి కొండల మీంచి దుంగలు లాగింది. వాన పడితే మాత్రం చక్రాలు జారి మొరాయించేది. ఆ కొండల్లో వాన పడని రోజులు ఏడాదికి నలభై. ఏడేళ్లుగా ఐనార్, అతని పాత జోడీ వెర్న్ దాన్ని బాగుచేస్తున్నారు. అంటే ఒక డబ్బాలోని నట్లు ఇంకో డబ్బాలోకి మార్చి, కాఫీ తాగి, ఇళ్లకు పోతున్నారు.

వెర్న్ అప్పటికే షెడ్డులో ఇంజన్ కిందికి దూరి, కాళ్లు బయటికి చాపి పడుకున్నాడు. "నేను గ్రీజు పెడుతుంటాను. చెవి మిషన్ తీసేస్తున్నా. కదిపే ముందు నా కాళ్లు తన్నరా ముసలాడా."

ఇంజన్ లేచింది. ఐనార్ కళ్లు తుడుచుకుని, ఆ ఆనందంలో కూత తాడు ఒక్కసారి లాగి వదిలాడు. కూత మాత్రం వదల్లేదు. సుత్తితో కొడితే ఆగింది, మళ్లీ మొదలైంది. సుత్తికీ కూతకీ ఇలా ఏడు విడతలు జరిగాక కూత ట్యాంకులో గాలి అయిపోయింది. ఆ పెనుగులాటలో మోచెయ్యి తగిలి ఇంజనూ ఆగింది. మళ్లీ లేపుదామంటే బ్యాటరీ ఊపిరి వదిలేసింది.

అప్పుడు గుర్తొచ్చింది. అడవిలో దుంగలు లాగే రోజుల్లో ఏడు పొడవాటి కూతలకు ఒకటే అర్థం: మనిషి పోయాడు, పని ఆపి అందరూ రండి.

ఆ ఊళ్లో పెళ్లికి పిలిస్తే ఆలస్యంగా వస్తారు. చావుకు అలా కాదు. పావుగంటలో నూట యాభై మంది చేరారు, ఒకడు సగం గీసిన గడ్డంతో. ఆడవాళ్లు చీజ్ వేసి కాల్చిన బంగాళాదుంపల పళ్లేలు తెచ్చారు. ఇలాంటి రోజు కోసం ప్రతి ఇంటి ఫ్రీజర్‌లోనూ ఒకటి సిద్ధంగా ఉంటుంది. బయటికున్న రెండు కాళ్లు చూసి అందరూ టోపీలు తీశారు.

"బతికే ఉన్నాడండీ," అన్నాడు ఐనార్.

"మన గుండెల్లో," అన్నాడు పాస్టర్, అతని భుజం నొక్కుతూ. వెర్న్ ఎంత ఉదారుడో చెప్పడం మొదలుపెట్టాడు. అదే వెర్న్ చర్చి నిచ్చెన తీసుకుపోయి తొమ్మిదేళ్లయినా తిరిగివ్వని సంగతి ఆయనకు ఆ క్షణాన గుర్తు రాలేదు.

ఐనార్ వంగి చూశాడు. వెర్న్ చెవి మిషన్ పెట్టుకుని వింటున్నాడు. "ఆగరా," అని గొణిగాడు. "డెబ్భై ఆరేళ్లలో నా గురించి మంచి మాట ఇదే మొదటిసారి. పూర్తి కానీ."

అబద్ధమాడకూడదని ఆజ్ఞ ఉంది. ఊరుకోకూడదని కూడా ఉందా? ఐనార్ ఇంకా తేల్చుకోకముందే డ్రేయర్ మేడమ్ వచ్చింది. జనాన్ని చూసింది, కాళ్లను చూసింది, చేతిలోని తుక్కు ఉత్తర్వును మడిచేసింది.

"ఈ మనిషి ప్రాణమిచ్చిన ఇంజన్ ఇక్కడే ఉంటుంది. ఆయన పేరుతో ఫలకం పెడతాం," అంది.

ఐనార్ ఇక తట్టుకోలేకపోయాడు. "దేవుడి మీద ఒట్టు మేడమ్, వాడు చావలేదు."

"మీ బాధ నాకర్థమవుతోంది."

"మేడమ్," అంది ఇంజన్ కింది నుంచి ఒక గొంతు, "ఆ మాట కాస్త కాగితం మీద రాసిస్తారా?"

ఆమె మాట వెనక్కి తీసుకునేదే. కానీ నూట యాభై మంది, చేతుల్లో చెంచాలతో, ఆమెనే చూస్తున్నారు. రాసిచ్చింది.

"పది అడుగులు అడిగావు. అంగుళం కదల్లేదు," అంది మార్గిట్ ఆ సాయంత్రం, మూడో పళ్లెం వేడిచేస్తూ.

"అది అక్కణ్ణుంచి కదలకుండా ఉండాలనే కదా నా కోరిక," అన్నాడు ఐనార్ నెమ్మదిగా. "అడగడమే తప్పుగా అడిగానేమో."

ఫలకం వచ్చింది. వెర్న్ పేరు, పుట్టిన ఏడు చెక్కి, చనిపోయే ఏటికి చోటు వదిలారు. వెర్న్ ప్రతి ఆదివారం వచ్చి దాన్ని మెరిసేలా తుడుస్తాడు, ఆ ఖాళీ మీద మాత్రం గుడ్డ తగలనివ్వడు.